పావురమెత్తు

హిందూపురం వైపు చింతపండు పని జనవరి చివర్లో మొదలై ఏప్రిల్ దాకా నడుస్తుంది. మగవాళ్లు చెట్టెక్కి కొమ్మలు ఊపుతారు, అందని చోట పొడవాటి గడకర్రతో కొడతారు. కింద రాలినవాటిని ఆడవాళ్లు ఏరి, పైపెచ్చు ఒలిచి, ఈనెలు తీసి, గింజ కొట్టి, మార్కెట్టుకు పంపిస్తారు. హిందూపురం యార్డులో చింతపండు ధర ఎంత పలికిందన్నది ఆ మూడు నెలలూ ఈ ప్రాంతంలో పెద్ద వార్త. సరిగ్గా ఆ నెలల్లోనే చిలమత్తూరు మండలం వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు చింతచెట్ల మీద గుడ్లు పొదుగుతుంటాయి. గూళ్లున్న కొమ్మను ఊపలేరు. గడకర్ర ఎత్తలేరు. నేను చెప్పాలనుకుంటున్నదంతా ఆ ఎత్తని గడకర్ర గురించే.

మాది కొత్తచెరువు. పేరులోనే చెరువున్న ఊరు. పక్కనే బుక్కపట్నం, అక్కడ ఇంకా పెద్ద చెరువు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, అదీ పడితే పడినట్టు లేకపోతే లేనట్టు ఉండే అనంతపురం ప్రాంతం ఇది. (2022 నుంచి మాది శ్రీసత్యసాయి జిల్లా. మా నోటికి ఇంకా అనంతపురమే వస్తుంది.) ఇక్కడ పక్షుల్ని చూడటమంటే ముందు నీళ్లను చూడటం. చెరువు నిండిన ఏడాది పక్షులుంటాయి, నిండని ఏడాది అందులో పిల్లలు క్రికెట్ ఆడతారు. పాతకాలం వాళ్లు చెరువు తవ్వించడాన్ని సప్తసంతానాల్లో ఒకటిగా లెక్కేశారు. కొడుకుని కనడం, గుడి కట్టించడం, కావ్యం రాయించుకోవడం, ఆ వరసలో చెరువు కూడా ఒక బిడ్డే. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటుంది, బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించింది. మంచి చెరువుకి ఉండాల్సిన లక్షణాలు 12, ఉండకూడని దోషాలు 6 అని అందులో లెక్కగా చెప్పారు. ఇంత శ్రద్ధగా కట్టిన చెరువులు వరి కోసం, తాగునీటి కోసం కట్టినవి. కొంగలు తమంతట తాము వాటాకి వచ్చాయి.

కొత్తచెరువు నుంచి పెనుకొండ వెళ్లి, బెంగళూరు హైవే ఎక్కి దక్షిణంగా పోతే కర్ణాటక సరిహద్దుకి కాస్త ముందు కొడికొండ చెక్‌పోస్టు వస్తుంది. అక్కడి నుంచి లోపలికి తిరిగితే చిలమత్తూరు, ఇంకా ముందుకెళ్తే లేపాక్షి. వీరాపురం ఆ చుట్టుపక్కలే. అభయారణ్యం అనగానే మనకి తోచే చిత్రం, కంచె, గేటు, లోపల ఎవరూ లేని మడుగు, ఇక్కడ పనికిరాదు. ఇళ్ల పక్కన, పెరళ్లలో చింతచెట్లు, వాటి మీద గూళ్లు. ఒక చెట్టు మీదే పదుల సంఖ్యలో. కింద మనుషులు తిరుగుతుంటారు, గేదెలు కట్టేసి ఉంటాయి, బట్టలు ఆరేసి ఉంటాయి. ఆరేసిన బట్టల మీద ఏం పడుతుందో చెప్పక్కర్లేదు.

ప్రతి ఏటా ఎక్కడో ఒకచోట ఈ కొంగల్ని సైబీరియా నుంచి వచ్చిన అతిథులు అని రాస్తారు. చాలామంది అలాగే నమ్ముతారు కూడా. ఎర్రకాళ్ల కొంగకీ సైబీరియాకీ ఏ సంబంధమూ లేదు. అది భారత ఉపఖండంలో, శ్రీలంకలో, ఆగ్నేయాసియాలో కొన్ని చోట్ల బతికే పక్షి. నీళ్లను బట్టి ఈ చెరువు నుంచి ఆ చెరువుకి, ఈ జిల్లా నుంచి ఆ జిల్లాకి తిరుగుతుంది, అంతే. హిమాలయాలు దాటి నిజంగా దూరం నుంచి వచ్చేవి వేరే ఉన్నాయి. తల మీద రెండు నల్లచారలుండే పెద్ద బాతులు శీతాకాలంలో మన వైపు చెరువుల్లో దిగుతాయి. అవి ఇక్కడ గూడు పెట్టవు. టిబెట్, మంగోలియా వైపు తిరిగిపోయి అక్కడ పెడతాయి. గూడు ఎక్కడ పెడితే అదే ఇల్లనుకుంటే ఎర్రకాళ్ల కొంగ ఇల్లు వీరాపురమే. ఆ ఊళ్లో పుట్టినదానికి మనం విదేశీ పాస్‌పోర్టు చేతిలో పెట్టి మురిసిపోతున్నాం.

ఇది చిన్న పొరపాటే కదా, ఏముంది అనుకోవచ్చు. నాకు మాత్రం అందులో ఒక సౌకర్యం కనిపిస్తుంది. అతిథి అంటే వెళ్లిపోయేవాడు. అతిథికి అన్నం పెడతాం, చెరువులో వాటా పెట్టం. ఈ పక్షి మనదే అని ఒప్పుకుంటే దాని నీళ్ల సంగతి, దాని చెట్టు సంగతి ఏడాది పొడవునా మన మెడకి చుట్టుకుంటాయి. సైబీరియా అయితే ఆగస్టుతో బాధ్యత తీరిపోతుంది.

ఊరివాళ్లు వాడే పోలిక వేరు. వీరాపురం లాంటి ఊళ్లలో, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో కూడా, ఈ పక్షులు పుట్టింటికి కానుపుకొచ్చిన కూతుళ్లు. ఆ వైపు ఒక చెట్టు కింద కూర్చున్న ముసలావిడని, “వాసన ఎట్లా భరిస్తారవ్వా?” అని అడిగితే, “కూతురు కానుపుకొస్తే ఇల్లు వాసన రాదా నాయనా?” అని నన్నే ఎదురడిగింది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. తర్వాత బస్సులో ఆలోచిస్తే ఆ పోలికలో ఇంకో సంగతి కూడా ఉందనిపించింది. కూతురు కానుపుకొస్తే ఊరంతా సంబరపడుతుంది గానీ, గుడ్డలుతికేదీ, నీళ్లు కాచేదీ, రాత్రుళ్లు లేచేదీ అమ్మ ఒక్కతే. కొంగలొస్తే శుభం అన్నది ఊరందరి మాట. చెట్టు కింద పొద్దున్నే ఊడ్చేది ఎవరో ఒకావిడ. ఊరు మోస్తోంది అని మనం తేలిగ్గా అనేస్తాం. ఊరు లోపల కూడా ఆ బరువు అందరి మీదా సమానంగా పడదు. చెట్టు ఎవరి పెరట్లో ఉందన్నదాని మీద ఉంటుంది.

పక్షి గురించి కొంచెం చెప్పాలి. దాదాపు మూడడుగుల ఎత్తు. పసుపుపచ్చ ముక్కు, కొస కాస్త కిందికి వంగి ఉంటుంది. ముఖం మీద ఈకలుండవు, నారింజ ఎరుపు చర్మం. తెల్లటి ఒళ్లు, రొమ్ముకి అడ్డంగా నల్లటి పట్టీ, తోక దగ్గరికి వచ్చేసరికి ఎవరో కుంచె కడిగిన నీళ్లు ఒలకబోసినట్టు గులాబీ రంగు. పెద్ద పక్షులు దాదాపు మూగవే, ముక్కులు టకటకలాడిస్తాయి. గోలంతా పిల్లలది. ఇది కళ్లతో వేటాడే పక్షి కాదు. ముక్కు సగం తెరిచి నీళ్లలో ముంచి, కాలితో బురద కదుపుతూ నడుస్తుంది. చేప తగిలిందా, టక్కున మూస్తుంది. అందుకని లోతు నీళ్లు దానికి పనికిరావు. మోకాలి లోతు ఉండాలి, అందులో చేప ఒత్తుగా ఉండాలి. అంటే చెరువు ఇంకిపోతూ ఉండాలి, కానీ ఇంకిపోకూడదు. గుడ్డు పొదగడానికి నెల, పిల్ల ఎగరడానికి ఇంచుమించు మరో రెండు నెలలు. ఇంకుతున్న చెరువుకీ ఎండిపోయిన చెరువుకీ మధ్య ఉన్న ఆ కాస్త గడువులో ఒక తరం పుట్టి రెక్కలు తెచ్చుకోవాలి. మా జిల్లా రైతు బతుకు గురించి తెలిసినవాళ్లకి ఈ లెక్క కొత్త కాదు.

గూటిలో మూడో నాలుగో గుడ్లు. మార్చి ఎండ మొదలయ్యాక తల్లో తండ్రో గూటి అంచున నిలబడి రెక్కలు సగం విప్పి గొడుగు పడుతుంది. గంటల తరబడి అలాగే. ఆ సమయంలో పెద్దపక్షి భయపడి లేచిందంటే, పది నిమిషాల ఎండ చాలు గుడ్డులో ఉన్నదానికి. కాకి పక్కనే కాచుకుని ఉంటుంది. ఇంకా ఎగరలేని పిల్ల బెదిరితే కొమ్మ మీద నుంచి దూకేస్తుంది. అందుకే పక్షుల్ని చూసేవాళ్లలో గూళ్ల కాలానికి వేరే మర్యాదలున్నాయి. దగ్గరికి పోకూడదు, డ్రోన్ ఎగరేయకూడదు, రికార్డు చేసిన కూతలు వినిపించకూడదు. మంచి ఫొటో పోటీలు చాలావాటిలో గూటి ఫొటోల్ని ఇప్పుడు తీసుకోవడమే లేదు. మంచిదే. అయినా ఆదివారాలు గుంపులు గుంపులుగా వస్తూనే ఉంటాం. మనం అంటే బెంగళూరు, హైదరాబాదుల నుంచి, మెడలో బైనాక్యులర్లతో. పొద్దున ఏడింటికి దిగి, పదకొండుకల్లా ఎండ ఎక్కిందని వెళ్లిపోతాం.

ఊరి మనుషులు కింద తిరిగితే కొంగలు లేవవు. మనం నడిస్తే కొన్నిసార్లు లేస్తాయి. పక్షి మనుషుల్ని నమ్మింది అని మనం మురిపెంగా రాసుకుంటాం గానీ, అది నమ్మింది ఈ ఊరిని. ఏళ్ల తరబడి గడకర్ర ఎత్తకుండా ఉన్నందుకు వచ్చిన నమ్మకం అది. ఆ నమ్మకం ఖర్చు వాళ్లది, దాని మీద తీసిన ఫొటో మనది.

ఇక్కడొక పాత తత్వశాస్త్రపు ప్రశ్న ఉంది, మనలో చదువుకున్నవాళ్లు దాన్ని చాలా ఇష్టంగా అడుగుతారు: వాళ్లు ఎందుకు కాపాడుతున్నారు? కొంగలొస్తే వానలు పడతాయని, ఊరికి మంచి జరుగుతుందని నమ్ముతారు కాబట్టి. అది మూఢనమ్మకం కదా? కాపాడటంలో పక్షి మీద ప్రేమ ఎక్కడుంది? కాంట్ 1785లో రాసిన నీతిశాస్త్ర గ్రంథంలో ఒక దుకాణదారుడి ఉదాహరణ ఇస్తాడు. పసిపిల్లాడు వచ్చినా మోసం చేయకుండా సరైన ధరకే అమ్ముతాడు, కానీ బేరం పోతుందన్న లెక్కతో. పని మంచిదే, దానికి నైతికమైన విలువ లేదంటాడు కాంట్. ఈ తూకంలో పెడితే వీరాపురం తేలిపోతుంది. తమిళనాడు వేడంతంగల్ ఇంకా తేలిపోతుంది. అక్కడ పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలాలకి ఎరువు. తెల్లదొరల సైనికులు పక్షుల్ని కాల్చారని ఊరివాళ్లు చెంగల్పట్టు కలెక్టర్ దగ్గరికి వెళ్లి రాతపూర్వకంగా హామీ తెచ్చుకున్నారు. 1798 నాటి మాట అది, మన దేశంలో వన్యప్రాణి చట్టం రావడానికి 174 ఏళ్ల ముందు. వాళ్లు అడిగింది పంట కోసమే. దానివల్ల రెండు శతాబ్దాలు పక్షులు పిల్లల్ని పెట్టుకున్నాయి.

లాభం మీద నిలబడ్డ దయకి ఒక బలహీనత ఉన్న మాట నిజమే. యూరియా బస్తా వచ్చిన రోజున రెట్ట విలువ పడిపోతుంది. నమ్మకం దానికన్నా మొండిది. కొంగలొచ్చినా వాన రాని ఏడాది నమ్మకం చెదరదు, కొంగలు రాకపోతే ఏమయ్యేదో అనుకుంటారు. తర్కం చదివినవాడికి అది తప్పుగా కనిపిస్తుంది, ఆ మొండితనమే గూటిని కరువులో కూడా నిలబెట్టింది. ఇంతకీ నాకు ఈ ప్రశ్న అడిగేవాళ్ల మీద అనుమానం. ఉద్దేశం స్వచ్ఛంగా ఉందా లేదా అని తూచే తీరిక, ఏమీ చెల్లించనివాడికే ఉంటుంది. నా ప్రేమ స్వచ్ఛమైనదే. నాకు చింతతోపు లేదు కాబట్టి అంత స్వచ్ఛంగా ఉంది.

మన కథల్లో దీనికి కాంట్ కన్నా మంచి తూకం ఉంది. శిబి చక్రవర్తి కథ అందరికీ తెలుసు గానీ, అందులో డేగ మాటల్ని మనం సాధారణంగా మర్చిపోతాం. శరణన్న పావురాన్ని ఇవ్వనంటాడు రాజు. డేగ ఏమంటుంది? నీ ధర్మం బాగుంది, దాన్ని నువ్వు నా ఆకలితో చేస్తున్నావు, నేను చస్తే నా పిల్లలు చస్తాయి, ఒకరిని కాపాడి ఇందరిని చంపేది ధర్మమెట్లా అవుతుంది? చాలా గట్టి వాదన. రాజు దగ్గర దానికి మాటతో జవాబు లేదు. వేరే జంతువు మాంసం ఇస్తానంటే కుదరలేదు. అప్పుడు తక్కెడ తెప్పించి, తన తొడ కోశాడు. పావురం బరువు పెరుగుతూ పోయింది, చివరికి తనే ఎక్కి కూర్చున్నాడు. నాగార్జునకొండ శిల్పుల దగ్గర్నుంచి హరికథలు చెప్పేవాళ్ల దాకా మనవాళ్లకి ఈ కథ మీద ఇంత మోజెందుకు? దయగల రాజులు కథల్లో బోలెడంతమంది. తన దయకి తానే బిల్లు కట్టినవాడు అరుదు.

కొల్లేరుని ఈ తక్కెడ మీద పెట్టి చూడండి. 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆ చెరువుల వెనక చాలాచోట్ల బయటి పెట్టుబడి ఉంది, సరస్సుని అట్లా వదిలేస్తే మిగిలేది కూడా కాదు. తెగ్గొట్టడం తప్పని నేననను. కానీ పెట్టుబడిదారుడు వేరే చోటికి పోయి చెరువు తవ్వుకోగలడు. గట్టు మీద కూలికి కాపలా ఉన్నవాడికి, వలేసుకుని బతికేవాడికి ఆ సౌలభ్యం లేదు. పావురం బతకాలి, నిజమే. తొడ మాత్రం వాళ్లది కోశాం, కోసిన సంగతి లెక్కల్లో రాయలేదు. ఆ తర్వాత ఏళ్లలో కొల్లేరులో మళ్లీ మళ్లీ గట్లు లేచాయంటే అందులో దురాశ ఒక్కటే లేదు, ఆ రాయని లెక్క కూడా ఉంది.

వీరాపురం దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ ఎవరూ ఎవరినీ కోయలేదు. వాళ్లే కోసిచ్చారు. అందువల్ల మనకి అక్కడ ప్రశ్న కనపడదు, అందంగా ఉంటుంది.

ఇక కింద పడ్డ పిల్ల సంగతి. గూళ్ల కాలంలో ఏ చెట్టు కింద నిలబడ్డా ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేది ఇదే. కొంగ గుడ్లన్నీ ఒకే రోజు పెట్టదు, పిల్లలూ ఒకే రోజు రావు. ముందు పుట్టింది పెద్దదవుతుంది, చివరిది నలుసులా ఉంటుంది. తిండి సరిపడా ఉంటే నాలుగూ బతుకుతాయి, లేకపోతే చిన్నది ఆకలికి చస్తుంది, లేదా తోపులాటలో కింద పడుతుంది. పడినదానికి పైనున్న తల్లి దిగొచ్చి తినిపించదు. కుక్కలుంటాయి. కరువు ఏడాదుల్లో వీరాపురంలో పిల్లలు రాలిపోయిన వార్తలు పేపర్లలో చదివాం.

చూసేవాళ్ల శాస్త్రం ఒక మాట చెబుతుంది: ప్రకృతి పనిలో వేలు పెట్టొద్దు. వన్యప్రాణి సినిమాలు తీసేవాళ్లకి ఇది దాదాపు వేదం. 2018లో ప్రసారమైన ‘డైనాస్టీస్’ని బీబీసీ వాళ్లు తీస్తుండగా అంటార్కిటికాలో ఎంపరర్ పెంగ్విన్లు పిల్లలతో సహా మంచుగుంటలో చిక్కుకుంటే, చిత్రబృందం ఆగలేక మంచులో మెట్లదారిలా తవ్వింది. కొన్ని ఎక్కి బయటపడ్డాయి. తవ్వడం సరైనదేనా అని ప్రపంచమంతా చర్చ పెట్టింది. అంటార్కిటికాలో ఆ చర్చకి అర్థముంది, అక్కడ మనిషి చేయి పడని లోకం ఒకటి ఉందని కనీసం అనుకోవచ్చు. చిలమత్తూరులో ఎక్కడుంది ప్రకృతి? చెట్టు ఎవరి తాతో నాటింది. చెరువు ఎవరో రాజో రెడ్డో తవ్వించింది. దానికి నీళ్లు తెచ్చే వాగు మీద ఎవరో అడ్డుకట్ట వేశారు, కాలువ పూడిపోతే పంచాయతీ తీయించలేదు, చుట్టూ బోర్లు వెయ్యి అడుగులకి దిగాయి. ఇప్పుడు మా జిల్లాలో కొన్ని చెరువులకి హంద్రీ-నీవా కాలువలో కృష్ణా నీళ్లు శ్రీశైలం నుంచి మోటార్లతో ఎక్కి వస్తున్నాయి. చేపపిల్లల్ని వదిలేది సొసైటీ. ఇంతటి మనుషుల ఏర్పాటులో పుట్టిన పిల్ల కింద పడితే, అది ప్రకృతి నిర్ణయం అని చేతులు కట్టుకుని నిలబడటం నాకు మింగుడుపడదు. చెరువు ఎండటంలో మన చేయి ఉంది, పిల్ల పడటంలో మాత్రం ప్రకృతి చేయి ఉందా?

అక్కడికి కాస్త దూరంలోనే లేపాక్షి. రావణుడి కత్తి దెబ్బకి రెక్క తెగి పడిన జటాయువుని చూసి రాముడు “లే, పక్షీ” అన్నాడనీ, ఆ ఊరికి ఆ పేరు అట్లా వచ్చిందనీ చెప్పుకుంటారు. పేర్ల పుట్టుక గురించిన కథలు ఎంతవరకు నిజమో వదిలేద్దాం. కానీ రామాయణంలో ఆ తర్వాత జరిగింది గుర్తు చేసుకోండి. జటాయువు లేవలేదు. లెమ్మన్నవాడు అక్కడ నుంచి వెళ్లిపోలేదు. కట్టెలు తెచ్చి, తండ్రికి చేసినట్టు దహనం చేసి, పిండం పెట్టి, అప్పుడు కదిలాడు. సీత జాడ కోసం పరుగెత్తుతున్న మనిషి, ఒక పక్షి కోసం ఆగాడు.

కింద పడ్డ పిల్లని ఎత్తుకోవడం గురించి నా అభిప్రాయం ఇక్కడి నుంచే వచ్చింది. ఎత్తుకుంటే ఉండాలి. రెండు నెలలు రోజూ చేపలు పెట్టాలి, చట్టప్రకారం అటవీశాఖకి చెప్పాలి, ఎగిరే దాకా కుక్కల్ని కాయాలి. కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరెబెళ్లూరులో కంచె కట్టి పడిపోయిన పిల్లల్ని పెంచి వదిలిన మనుషులున్నారు. ఏళ్ల తరబడి చేశారు. ఆదివారం వచ్చినవాడు పిల్లని చేతిలోకి తీసుకుని, నోట్లో కాసిని నీళ్లు పోసి, రీల్ తీసి, ఊరివాళ్ల చేతిలో పెట్టి కారెక్కితే అది దయ కాదు, ఇంకో బరువు వాళ్ల నెత్తినెత్తడం. అంతకన్నా తాకకుండా అటవీశాఖకి ఫోన్ చేయడం నయం. నిజంగా పిల్లలు పడకుండా ఉండాలంటే పని చెట్టు కింద లేదు, వాగు మీద, కాలువ పూడికలో ఉంది. అది రీల్‌కి పనికొచ్చే దృశ్యం కాదు.

మరి డబ్బు? చెట్టుకి ఇంత అని యజమానికి ఇచ్చేస్తే సరిపోదా? కొక్కరెబెళ్లూరులో గూళ్లున్న చెట్ల యజమానులకి అటవీశాఖ కొంత సొమ్ము ఇచ్చే పద్ధతి ఉంది. 2007లో ఆ ఊరిని కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించారు, అంటే భూమి, చెట్లు ఊరివే, కాపాడే బాధ్యత ఊరిదీ ప్రభుత్వానిదీ కలిపి. దీనికి ఎదురు వాదన ఒకటి బాగా ప్రచారంలో ఉంది. ఇజ్రాయెల్‌లో హైఫా నగరపు డేకేర్లలో పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకి జరిమానా పెడితే ఆలస్యాలు తగ్గకపోగా పెరిగాయని 2000లో ఇద్దరు ఆర్థికవేత్తలు అచ్చువేశారు. అంతకుముందు మొహమాటపడేవాళ్లు, ఇప్పుడు డబ్బు కట్టాం కదా అనుకున్నారు. జరిమానా తీసేసినా పాత మొహమాటం తిరిగి రాలేదు. దీన్ని పట్టుకుని, కానుపుకొచ్చిన కూతురికి అద్దె కడితే పుట్టిల్లు లాడ్జి అవుతుంది, ఊరివాళ్ల సహజమైన ప్రేమని డబ్బుతో పాడు చేయొద్దు అంటారు.

వినడానికి బాగుంటుంది. కానీ ఈ మాట అనేవాళ్లలో నెలజీతం లేనివాళ్లని నేనింతవరకు చూళ్లేదు. మన ప్రేమని మన జీతం పాడు చేయలేదు, వాళ్ల ప్రేమ మాత్రం చింతపండు ధర ఇస్తే విరిగిపోతుందట. హైఫాలో డబ్బు తప్పు చేసినవాళ్ల మీద వేశారు. ఇక్కడ నష్టపోయినవాళ్లకి ఇవ్వడం. రెండూ ఒకటెట్లా అవుతాయి? కూతురు కానుపుకొస్తే అల్లుడింటివాళ్లు చీర పట్టుకొస్తారు. పుట్టింటివాళ్లు దాన్ని అద్దెగా తీసుకోరు, ఇచ్చినవాళ్లూ అద్దె కట్టామనుకోరు. అట్లాంటి మర్యాద ఒకటి కనిపెట్టలేనంత తెలివితక్కువవాళ్లం కాదు మనం. గూటికి ఇంత అని లెక్కగడితే గూళ్ల సంఖ్య మీద పేచీలొస్తాయి, అది నేనూ ఒప్పుకుంటాను. కోతకి వదిలేసిన చెట్టుకి ఆ ఏడాది హిందూపురం యార్డు ధర ప్రకారం పరిహారం ఇవ్వొచ్చు. చెరువు కాలువ పూడిక తీయించొచ్చు. మూడు లక్షల కెమెరా మెడలో వేసుకొచ్చినవాళ్లం, ఆ ఊరి చింతపండు రెండు కిలోలు కొనుక్కుని పోవచ్చు, కనీసం.

ఎందుకు తొందరపడాలో కూడా చెప్పాలి. చెట్లు ముసలివవుతున్నాయి. ఏళ్ల తరబడి రెట్ట పడిన కొమ్మలు ఎండుతాయి, గాలికి విరుగుతాయి. వీరాపురం వైపు పాత ఇల్లు పడగొట్టి కొత్తిల్లు కట్టుకునేవాడికి పెరట్లో చెట్టు అడ్డం. విత్తనం నుంచి వచ్చిన చింత కాపుకి రావడానికే ఎనిమిది పదేళ్లు పట్టొచ్చు, కొంగ గూడు మోసే కొమ్మకి ఇంకో తరం. ఇప్పుడు నాటే మొక్క పండు నాటినవాడు తింటాడు, దాని మీద గూడు మాత్రం అతని మనవడు చూడాలి. ఆ మనవడు అప్పటికి ఊళ్లో ఉంటాడా, బెంగళూరులో ఉండి ఆదివారం వస్తాడా? రోడ్డు పక్కన, చెరువు కట్ట కింద, ఎవరి పెరడూ కాని చోట మొక్కలు పెడదామన్నది మంచి ఆలోచనే. మొదటి మూడు వేసవులు వాటికి బిందెతో నీళ్లెవరు పోస్తారన్న దగ్గర మాట ఆగిపోతుంది.